దొడ్డమనెలో మా అవ్వ విసురురాయి

దొడ్డమనెలో పాతకాలపు బతుకునంతా పెట్టి జనానికి చూపిస్తున్నారన్న కబురు మా ఇంటికి మా నాయనే మోసుకొచ్చాడు. నోరు జారానని ఆయనకు వెంటనే తెలిసి ఉంటుంది. పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతున్న మా అవ్వ చెయ్యి ఆగిపోయింది. రొట్టె తట్టే చెయ్యి నడుమ ఆగితే అంచు పగులుతుంది. మా అవ్వ రొట్టె అంచు పగలగా నేను చూడడం అదే మొదలు.

“నా రాయి పెట్టిండారా ఆడ?” అని అడిగింది.

“నాకేం తెల్సుమా? మండీలో అనుకుంటాండ్రి, వింటి. అంతే,” అన్నాడు మా నాయన, అప్పటికే తప్పించుకునే దారి వెతుకుతూ.

“నాగండ్లు, కవ్వాలు, రోళ్లు అన్నీ పెట్టిండారంటివి గదా. రాయి ల్యాకుండా పెడ్తారా?”

“పెట్టింటే మాత్రం? ఈ వయసులో ఆ రాయితో ఏం పని నీకి? సందు చివర పిండి మిషన్ ఉండాది. ఇట్ల పోసి అట్ల పట్టుకొని వస్తాండాం.”

మా అవ్వ ఆ పగిలిన రొట్టెనే పెనం మీద వేసింది. “నా రాయి నాకి కావల్ల,” అంది. ఆ మాట గట్టిగా కూడా అనలేదు. ఉప్పు అయిపోయింది, తేవాలి అన్నట్టు అంది. మా అవ్వ గట్టిగా అరిచినప్పుడు మేమెవరం భయపడేవాళ్లం కాదు. ఇట్లా మెల్లగా అన్నప్పుడే మా నాయన అన్నం సగంలో లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఆ పూటా వెళ్లిపోయాడు.

అప్పటికి బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరి కొన్నేళ్లయింది. తుంగభద్ర కాలువ వచ్చి, మా చుట్టుపక్కల ఎర్రగా ఎండే చేలల్లో కోస్తా నుంచి వచ్చినవాళ్లు వరి నాటుతున్నారు. మేం కౌల్ బజార్‌లో ఒక సందులో ఉండేవాళ్లం. మా నాయన పత్తి మండీలో హమాలీ. నేను టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను, లోకంలోని ప్రతి తప్పునూ నేనే దిద్దాలన్న కోపంతో తిరుగుతున్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు, కాకపోతే మోకాళ్లు సహకరించడం లేదు.

దొడ్డమనె అంటే పెద్దిల్లు. కప్పగల్లు దాటి ఇంకొంత దూరం పోతే వచ్చే మా పాత ఊళ్లో ఊరిపెద్ద గౌడ ఇల్లు అది. మావాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడినా ఆ ఇంటిని మాత్రం కన్నడంలోనే పిలిచేవాళ్లు. చుట్టూ కనుచూపు మేర నల్లరేగడి, అందులో పత్తి, అదంతా ఆ ఇంటిదే. మా తాత ఆ ఇంటికి జీతగాడు. ఉగాదికి కుదిరితే మళ్లీ ఉగాదికి గానీ బయటపడని జీతం. మళ్లీ ఉగాదికి ఏదో ఒక బాకీ తేలేది కనక బయటపడడమనేది ఎప్పుడూ జరగలేదు. ఆయన పోయాక మా నాయన తువ్వాలు భుజాన వేసుకొని బళ్ళారికి వచ్చేశాడు, అవ్వను వెంటబెట్టుకొని. విసురురాయి ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ రాయి కథ మా ఇంట్లో అన్నం కలిపినంత మామూలుగా చెప్పుకునేదే. మా అవ్వను అత్తగారింటికి పంపేటప్పుడు వాళ్లమ్మ ఇచ్చిన రాయి అది. బంగారం పెట్టలేని తల్లి, మంచి నల్లరాయి వెతికించి, కొట్టించి, ఎద్దులబండిలో బిడ్డ కాళ్ల దగ్గర పెట్టి పంపింది. మెత్తగా విసిరేది. జొన్నపిండి పట్టుకుంటే చేతికి బూడిదలాగా తగిలేదని అవ్వ చెప్పేది. ఊళ్లో ఆడవాళ్లు పండగ రోజుల్లో ఆమె గుమ్మం ముందు చేటలు పట్టుకొని నిలబడేవాళ్లట.

అంతలో దొడ్డమనెలో పెద్ద గౌడ కూతురి పెళ్లి వచ్చింది. అక్కడ ఒక పద్ధతి ఉండేది. గౌడ ఇంట్లో పెళ్లంటే ఊళ్లో జీతగాళ్ల ఇళ్లలో ఉన్న విసురురాళ్లన్నీ ఆ ఇంటికి పోవాలి. రాళ్లతో పాటు వాటి వెనకే ఆడవాళ్లూ పోవాలి. పసుపు పూసి, కొమ్ము కట్టి, ఆ వాకిలంతా రాళ్లు వరసగా పెట్టి పెళ్లి పిండి విసిరేవాళ్లు. పెళ్లి అయ్యాక ఎవరి రాయి వాళ్లకు వచ్చేది. మా అవ్వ రాయి రాలేదు. గౌడ భార్య ఆ పిండిని వేళ్ల మధ్య నలిపి చూసి, “ఇది ఈడే ఉండనీ” అందట. అంతే. మా అవ్వను ఎవరూ అడిగింది లేదు, ఆమె ఇస్తాననిందీ లేదు. పైగా మర్నాటి నుంచి ఆ ఇంటి పిండి విసరడానికి మా అవ్వకే పిలుపు వచ్చింది, రాయి మరిగిన చెయ్యి ఆమెదే కనక. వయసంతా తన రాయి మీద వాళ్ల జొన్నలు విసిరింది. సాయంత్రం ఇంటికొచ్చి, పొరుగింటావిడ పని ముగిసేదాకా కాచుకొని, ఆమె రాయి అడిగి తన పిల్లలకు విసురుకునేది. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం అవ్వ గొంతు మారేది. “మా యమ్మ నాకని ఇచ్చె,” అనేది. “ఆయమ్మ చచ్చిపోయినప్పుడు ఆ రాయి మీదే కూచోని విసుర్తాంటి. ఏడ్సనీకి కూడా లేపలేదు.”

అందుకే, దొడ్డమనె చూడడానికి పోదాం తోడు రమ్మని ఆమె నన్ను అడిగినప్పుడు ఎందుకని నేను అడగలేదు.

మా నాయన మాత్రం రెండు రోజులు ఇల్లు పీకి పందిరేశాడు. మండీకి వచ్చే పత్తిలో దొడ్డమనె పత్తే ఎక్కువ. ఆ బోరాలు మోస్తేనే మా పొయ్యి వెలిగేది. “వాళ్ల పత్తి మోసి మనం బతుకుతాండాం. ఇప్పుడు పోయి వాళ్ల వాకిట్లో జగడం పెట్టుకుంటావా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?” అన్నాడు.

“నేను జగడానికి పోతల్యా. నా రాయికి పోతాండా,” అంది అవ్వ. చీర కుచ్చెళ్లు బిగించి, తలకు నూనె రాసుకొని, చెప్పులు వేసుకుంది. మా అమ్మ ఏ పక్కా మాట్లాడకుండా మాకు రొట్టెలు మూటకట్టి ఇచ్చింది. దాన్ని బట్టే ఆమె ఏ పక్కనో నాకు అర్థమయింది.

కప్పగల్లు దాకా బస్సు, అక్కడి నుంచి నడక. దొడ్డమనె ముందు అరటి కంబాలు కట్టి, కన్నడంలో రాసిన బట్ట వేలాడదీశారు, పాతకాలపు మన బతుకు చూడండి అని. పెద్ద గౌడ మనవడు బళ్ళారిలో వకీలు. ఆయనా, బ్లాక్ ఆఫీసువాళ్లూ కలిసి చేసిన పని ఇది. ఊరికే సామాన్లు పేర్చి పెట్టలేదు. మనుషులను కూడా పెట్టారు. కూలి ఇచ్చి తెచ్చినవాళ్లు అక్కడక్కడా కూర్చుని పాత పనులు చేస్తుంటే జనం చూసుకుంటూ పోవాలి. ఒకాయన గొంగడి కప్పుకొని జీతగాడిలాగా నాగలి పక్కన నిలబడ్డాడు. ఒకామె మజ్జిగ చిలుకుతోంది. నడవాలో ఉయ్యాల బల్ల మీద తలపాగా, మీసాలు, చేతిలో వెండి పొన్నుకర్రతో పెద్ద గౌడ కూర్చున్నాడు.

పెద్ద గౌడ పోయి చాలా కాలమయింది. అది మా అవ్వకూ తెలుసు. అయినా నడవాలోకి అడుగుపెట్టి ఆ మీసాలు చూడగానే ఆమె కాళ్లు వాటంతట అవే చెప్పుల్లోంచి బయటికి వచ్చేశాయి. ఒక చేత్తో చెప్పులు పట్టుకొని, ఇంకో చేత్తో కొంగు తల మీదకు లాక్కొని గోడవారకు ఒదిగిపోయింది. అంతలో ఆ గౌడ మా వంక చూసి, “ఏమ్మా, బాగుండారా? మీ నాయన మండీకి పోయినాడా?” అన్నాడు. చూస్తే మా సందు మలుపులో సోడా బండి పెట్టుకునే మనిషి. రాత్రిళ్లు నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. అవ్వ ఆయన్ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసి, చెప్పులు నేల మీద పడేసి, చప్పుడయ్యేట్టు కాళ్లు దూర్చింది.

“మీసం ఊడిపోతాంది, చూసుకో,” అంది. ఆయన పాపం నిజంగానే తడుముకున్నాడు.

ఎవరి ముందూ ఆమె తల మళ్లీ వంగలేదు. నేను పక్కనే నడిచాను కనక తెలుసు.

రాయి వెనక వాకిట్లో ఉంది. పందిరి వేసి, కింద అలికి, ముగ్గు పెట్టి, ఆ ముగ్గు నడుమ కూర్చోబెట్టారు దాన్ని. సున్నంతో చుక్కలు, ఎర్రమన్నుతో గీతలు. కొత్తగా చెక్కిన పిడి. ఊరి కోడలు ఒకామె దాని ముందు కూర్చుని, ఇన్ని జొన్నలు పోసి తిప్పుతోంది. పక్కన బ్లాక్ ఆఫీసు గుమాస్తా, చేతిలో బెత్తం, వచ్చిన ప్రతి గుంపుకూ ముందు కన్నడంలో, తర్వాత తెలుగులో ఒకటే పాఠం చెబుతున్నాడు. ఆ రోజుల్లో ఊరి ఆడవాళ్లంతా ఈ ఇంటి మీది అభిమానం కొద్దీ తమ రాళ్లు తామే తెచ్చి, సంతోషంగా పాడుకుంటూ విసిరేవాళ్లట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోయాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. జొన్నలు విసిరిన చెయ్యి అది, పట్టిందంటే ఉడుం పట్టే.

“ఊరికుండు. నా పని నేను చేసుకుంటా,” అంది.

పోయి ఆ కోడలిపిల్ల పక్కన కూర్చుంది. “బిడ్డ యాడుండాడమ్మా?” అని అడిగింది. ఆ పిల్ల రవిక తడిసి ఉంది. నాకు అది కనపడనే లేదు. అత్త దగ్గర వదిలి వచ్చానని, పొద్దుటి నుంచి పాలు ఇవ్వలేదని ఆ పిల్ల చెప్పింది. “పోయి ఇచ్చి రాపో. నేను విసుర్తాలే,” అంది అవ్వ. ఆ పిల్ల మారు మాట్లాడకుండా లేచింది.

అవ్వ కొంగు తీసి ముందు ఆ సున్నం చుక్కలు తుడిచింది. “రాయికి రంగేందప్పా? తినే పిండిలో పడదా?” అని గుమాస్తాను అడిగింది. ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, పిడి పట్టుకొని రాయిని ఒక చుట్టు ఊరికే తిప్పింది. కళ్లు మూసుకొని తిప్పింది. ఆ తర్వాత గుప్పెడు జొన్నలు పోసింది. వాకిట్లో చప్పుడే మారిపోయింది. ఇందాకటిదాకా గరగరమన్న రాయి ఇప్పుడు నీళ్లు పారినట్టు ఒకే ఊపున తిరుగుతోంది. అటూ ఇటూ పోతున్నవాళ్లు ఆగి చూశారు.

జనం చుట్టూ చేరాక అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు, రాయి ఆపలేదు. “ఇది నా రాయి. మా యమ్మ ఇచ్చె నాకి. ఈ ఇంట్లో పెండ్లికని తీస్కపోయిరి. పెండ్లయిపాయ, పెండ్లయిన పిల్లకి పిల్లోళ్లు పుట్టిరి, ఆ పిల్లోళ్లకీ పెండ్లిండ్లాయె. నా రాయి నాకి రాలే. తీస్కపోనీకి వచ్చిండా.”

జనం చప్పట్లు కొట్టారు.

నేను ముందు అర్థం చేసుకోలేకపోయాను. తర్వాత ఒకావిడ తన భర్తతో, “ఎంత బాగా చెప్తాంది చూడండి, నిజమన్నట్లే ఉండాది,” అన్నప్పుడు తెలిసింది. మా అవ్వను కూడా కూలికి తెచ్చిన మనిషే అనుకుంటున్నారు. గొంగడి ఆయన లాగా, మజ్జిగ చిలికే ఆమె లాగా మా అవ్వ కూడా వేషమే. గుమాస్తా ముఖం వెలిగిపోయింది. గుంపు మారినప్పుడల్లా బెత్తంతో చూపిస్తూ, “అవ్వా, ఇంకోసారి చెప్పు, వీళ్లు కొత్తగా వచ్చిండారు,” అంటాడు. అవ్వ చెబుతుంది. వాళ్లు చప్పట్లు కొడతారు. ఏ మాటా మార్చలేదామె. తగ్గించలేదు, పెంచలేదు. ఎవరో ఆఫీసరు భార్య ముచ్చటపడి తానూ విసురుతానని కూర్చుంది. అవ్వ ఆమె చేతిని పిడి మీద తన చెయ్యితో కలిపి పట్టి తిప్పించింది. “మెల్లగమ్మా, ఇది పిండి, జగడం కాదు,” అంది. ఆ వాకిట్లో నిజంగా జగడం పెట్టుకోవాలని ఉన్నది నాకొక్కదానికే.

“అవ్వా, పోదాం పా. వీళ్లకి నువ్వు బొమ్మవైపోయినావు,” అన్నాను చెవిలో. ఏడుపు వస్తోంది నాకు. ఇంత నిజాన్ని ఇంత మంది ముందు పెడితే తమాషా కింద చూసి పోతున్నారే అని.

“నాకి వీళ్లతో పని ల్యా,” అంది అవ్వ. “ఆ ఇంటాయప్ప రానీ.”

ఆ వకీలు మనవడు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. తెల్ల ప్యాంటు, చేతి గడియారం, వెంట జిల్లా ఆఫీసుల నుంచి వచ్చిన పెద్దమనుషులు. చిన్న గౌడ అనేవాళ్లం. చెడ్డవాడని నేను చెప్పలేను. నవ్వు ముఖం, పేరు పెట్టి పలకరించే మనిషి. మండీలో మా నాయన భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవాడట. ఆయన గుంపు వెనక నిలబడి కథంతా విన్నాడు. అయ్యాక ముందుకొచ్చి, “ఈమె మా ఇంట్లో పాత మనిషి. నేను ఈమె విసిరిన పిండితోనే పెరిగినా,” అని అతిథులకు చెప్పాడు. గొప్పగానే చెప్పాడు.

అవ్వ రాయి ఆపింది. విసరడం మొదలుపెట్టాక మొదటిసారి తల ఎత్తింది.

“ఈ రాయి ఎవరిదో నీకి తెల్సు గదప్పా?”

“తెలియకేం అవ్వా. నీదే. చిన్నప్పుడు మేమంతా దీన్ని అవ్వ రాయి అనే అంటాంటిమి.”

“అయితే నా రాయి నాకి ఇచ్చెయ్యి. తీస్కపోతా.”

గుంపు ముచ్చటగా నవ్వింది. పెద్దమనుషుల్లో ఒకాయన పక్కాయనతో, “చెన్నాగి మాడ్తాళె,” అన్నాడు, బాగా చేస్తోందని. అందరి కళ్లూ చిన్న గౌడ మీద ఉన్నాయి. నాటకంలో తన వంతు వచ్చినట్టు ఆయన కూడా హుషారుగా రెండు చేతులూ చాపాడు.

“తీస్కపో అవ్వా. నీ రాయి నువ్వు తీస్కపో. వద్దనేవాడు ఎవడు?”

చప్పట్లు మోగాయి. చిన్న గౌడ నవ్వుతూ అతిథులను ధాన్యం పాతర చూపించడానికి అవతలి వాకిట్లోకి తీసుకుపోయాడు.

“రామ్మా, ఒక చెయ్యి పట్టు,” అంది అవ్వ నాతో.

పైరాయిని ఇద్దరం పైకెత్తాం. అవ్వ కొంగు చుట్టలా చుట్టి నెత్తిన పెట్టుకుంది. రాయిని దాని మీదకు చేర్చేసరికి నా నడుము పట్టేసింది. ఆమె మెడ మాత్రం నిటారుగా నిలబడింది. కిందిరాయి బరువు మా ఇద్దరి వల్లా కాదు. అది ముగ్గులోనే ఉండిపోయింది. అవ్వ నడిచింది. జనం ఇది కూడా ఆటలో భాగమే అనుకొని రెండు పక్కలకూ తప్పుకొని చప్పట్లు కొడుతూ మా వెంట వచ్చారు. గుమాస్తా కాస్త దిగాలుగా చూశాడు గానీ, గౌడ చెప్పిందే కదా అని ఊరుకున్నట్టున్నాడు. నడవాలో సోడా ఆయన ఉయ్యాల మీంచి లేచి నిలబడ్డాడు. ఆయనకు నిజం తెలుసో తెలియదో నేటికీ నాకు అంతుబట్టదు. పొన్నుకర్ర ఎత్తి, రాజు గొంతుతో, “దారి వదలండి,” అన్నాడు. కాపలావాడు తలుపు రెండు రెక్కలూ తెరిచాడు.

ఊరు దాటేదాకా నాకు నవ్వూ భయమూ కలిసి వచ్చాయి. కప్పగల్లులో బస్సు కండక్టరు రాయి చూసి అడ్డం నిలబడ్డాడు. “రాయికి జాగా ల్యాదమ్మా,” అన్నాడు. “మనిషికి ఉండాది గదా. నేను నిలబడుకుంటా, రాయి కూచుంటాది,” అంది అవ్వ. బళ్ళారి దాకా అన్నట్టే నిలబడింది.

మా నాయన మండీ నుంచి వచ్చి, గుమ్మం పక్కన గోడకు ఆనించిన రాయిని చూసి చేతిలో గుడ్డ జారవిడిచాడు.

“ఎవరిచ్చిరి?”

“చిన్న గౌడ ఇచ్చె. అందరి ముందర.”

నేను జరిగిందంతా చెప్పాను. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. “అది ఆటమ్మా. ఆటకి అన్న్యాడు. రేపు మండీలో నా ముఖం ఎట్ల చూపిచ్చల్ల?”

“ఆట సంగతి నాకి తెల్దు. తీస్కపో అన్న్యాడు, తెచ్చుకుంటి,” అంది అవ్వ. కడుపునిండా తిని, రాయి పక్కనే చాప వేసుకొని పడుకుంది. మా నాయనకే నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున చిన్న గౌడ వచ్చాడు. మా సందులో జీపు పట్టదు కనక మలుపులో దిగి నడిచి వచ్చాడు. వెంట గుమాస్తా, మోయడానికి ఒక మనిషి. సందంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. మా నాయన లేచి నిలబడి తువ్వాలు భుజం మీంచి తీశాడు. అవ్వ మాత్రం, “రాప్పా, కూచో,” అని మంచం చూపించి, చెంబుతో మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది.

“అవ్వా, నిన్న నవ్వులాటకి అంటి. నువ్వు నిజమనుకుంటివి,” అన్నాడాయన, నవ్వు ముఖంతోనే.

“నువ్వు నవ్వులాటకే అన్న్యావు. నేను నవ్వులాటకి తెచ్చుకోలే.”

ఆయన చెంబును రెండు చేతుల్లో తిప్పాడు. బెంగుళూరు నుంచి పెద్ద ఆఫీసర్లు వస్తున్నారని, ముగ్గులో ఒంటి రాయి చూస్తే నవ్వుతారని చెప్పాడు. కావాలంటే కొత్త జత కొట్టించి పంపిస్తానన్నాడు. అన్నీ మర్యాదగానే చెప్పాడు. ఆయన చెబుతుండగానే వెంట వచ్చిన మనిషి, ఇది తేలిన సంగతే అన్నట్టు, వంగి రాయి కింద వేళ్లు దూర్చాడు. పాపం, అతని తప్పేం లేదు. ఆ ఇంటి మనిషి మా ఇంటి వస్తువు ఎత్తడం అట్లాగే జరుగుతూ వచ్చింది.

ఎప్పుడు లేచాడో తెలియదు, మా నాయన అతనికీ రాయికీ మధ్య వచ్చి నిలబడ్డాడు. రెండు రోజులు మమ్మల్ని పోవద్దని పోరిన మనిషి, రాత్రంతా నిద్రపోని మనిషి.

“ముట్టొద్దప్పా. మా యమ్మని అడగల్ల,” అన్నాడు.

చిన్న గౌడ ముఖంలో నవ్వు పోయింది. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆయన మోసే మనిషిని చేత్తో వెనక్కి పిలిచి, మజ్జిగ చెంబు కింద పెట్టి, మా అవ్వ వైపు తిరిగాడు. ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదని ఆయనకు అప్పుడే తట్టినట్టు అనిపించింది నాకు.

“అడుగుతాండా అవ్వా,” అన్నాడు. “రాయి ఇస్తావా?”

మా అవ్వ ఆయన్నే చూస్తోంది. సందులో ఎవరి పిల్లో ఏడిస్తే వాళ్లమ్మ నోరు మూసింది.

“ఇయ్యను,” అంది అవ్వ.

ఆయన ఇంకా ఏమైనా అంటుందేమోనని చూశాడు.

“ఇయ్యనప్పా. మజ్జిగ తాగి పో.”

చిన్న గౌడ చెంబు ఎత్తి తాగాడు. తాగి, లేచి, మా నాయనకు తల ఊపి వెళ్లిపోయాడు. వెనక గుమాస్తా, వట్టి చేతులతో ఆ మోసే మనిషి. వాళ్లు సందు మలుపు తిరిగేదాకా అవ్వ గుమ్మంలో నిలబడింది. అప్పుడు రాయి పక్కన నేల మీద కూర్చుంది. నేను నీళ్లు తెస్తే తాగలేదు. నా చెయ్యి పట్టుకుంది.

“ఏమంటినే నేను?”

“ఇయ్యను అంటివి అవ్వా.”

“గట్టిగా అంటినా?”

“గట్టిగానే అంటివి. రెండుసార్లు.”

“ఆయప్ప ఇన్న్యాడా?”

“ఇన్న్యాడు. ఇని పాయె.”

మా అవ్వ ఏడవడం మొదలుపెట్టింది. దాచుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. రాయి మీద చెయ్యి వేసి, “ఇని పాయె,” అనుకుంది తనలో తాను. “ఇని, రాయి ఇడిసిపెట్టి పాయె.”